అగడ్త ఉంది, కోట ఎప్పుడూ లేదు

బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ ఒకటి ముందేసుకుని ఆదివారం ఎటు నడుద్దామా అని చూస్తుంటే ఇంగ్లండ్‌లోని సఫోక్ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఒక ఊరి బయట, ఫుట్‌పాత్ ఆకుపచ్చ గీత పక్కనే, వేలి గోరంత నీలం చతురస్రం కనిపించింది. ఒక వైపు గీత లేదు, మూడు వైపులే ఉంది. పక్కన పాతకాలం గోథిక్ అక్షరాల్లో "మోట్" అని ఒక్క మాట. మోట్ అంటే అగడ్త కదా, అగడ్త ఉందంటే కోట ఉంటుంది, కోట ఉంటే టికెట్టు, కార్ పార్కు, టీ షాపు ఉంటాయి, మరి మ్యాప్‌లో అవేవీ లేవేంటి అనుకుంటూనే బయల్దేరాను.

వెళ్ళి చూస్తే నిజంగానే ఏమీ లేదు. గోడ లేదు, రాయి లేదు, బోర్డు కూడా లేదు. గోధుమ చేను మధ్యలో ఒక చెట్ల గుంపు, దూరం నుంచి చూస్తే మామూలు తోపులాగే ఉంది. దగ్గరికెళ్ళి కొమ్మల సందులోంచి చూస్తే లోపల నీళ్ళు, మీద పచ్చటి నాచు దుప్పటి పరిచినట్టు, ఆ నీళ్ళు తిన్నగా గీత గీసినట్టు వెళ్ళి ఒక మూల దగ్గర లంబకోణంలో తిరిగాయి. వాన నీళ్ళు తమంతట తాము అలా మూల తిరగవు కదా. ఎవరో కొలత పెట్టి తవ్వించారు. ఆ మూల చూసిన దగ్గర్నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది, ఇప్పటికి మూడేళ్ళయింది, శీతాకాలం వస్తే చాలు మ్యాప్ పట్టుకుని గోథిక్ అక్షరాలు వెతుక్కుంటున్నాను.

మనకి అగడ్త అనగానే రాజు, కోట, మొసళ్ళు, పైకి లేచే వంతెన గుర్తొస్తాయి. ఇంగ్లండ్ పల్లెల్లో ఉన్నవాటిలో చాలా భాగం అలాంటివి కావు. ఇప్పటిదాకా గుర్తించినవి సుమారు 6,000 ఉన్నాయి, అందులో ఎక్కువ భాగం 1250 నుంచి 1350 మధ్య, అంటే అటూ ఇటూ ఒక్క వందేళ్ళలో తవ్వినవి. లోపల ఉన్నది కోట కాదు, ఒక ఇల్లు. ఊరి భూస్వామి ఇల్లో, చర్చికి చెందిన భవనమో, కొన్నిచోట్ల కాస్త స్థోమత ఉన్న రైతు ఇల్లో. చెక్క ఫ్రేము, మట్టి గోడలు, గడ్డి కప్పు. ఇల్లు ఏనాడో పోయింది, చుట్టూ తవ్విన గుంత మాత్రం ఏడు వందల ఏళ్ళు నిలబడింది. కట్టింది పోయి తవ్వింది మిగలడం అనేదే నన్ను ఇంకా పట్టి లాగుతుంది.

ఎందుకు తవ్వారు అన్నదానికి చాలా కారణాలు చెప్తారు. దొంగల భయం అంటారు, అది కొంత నిజమే, రాత్రిపూట పశువుల్ని తోలుకుపోవాలంటే ఒకే ఒక్క వంతెన మీదుగా పోవాల్సి వస్తే కష్టమే. నిప్పంటుకుంటే నీళ్ళు దగ్గర్లో ఉంటాయి, గడ్డి కప్పు ఇళ్ళకి అది చిన్న విషయం కాదు. పశువులకి తాగడానికి నీళ్ళు, ఇంటి చుట్టూ నేల ఆరడానికి మురుగు కాలువ, చేపలు. కానీ వీటన్నిటికీ చిన్న కాలువో ఒక చెరువో సరిపోతుంది, ఇంటి చుట్టూ పది మీటర్ల వెడల్పున తవ్వక్కర్లేదు. పైగా కొన్నిటికి మూడు వైపులే తవ్వి నాలుగో వైపు వదిలేశారు, కొన్నిటికి బండి పోయేంత వెడల్పు మట్టి కట్ట ఉంది, గోడ ఆనవాళ్ళు లేవు. సైన్యం వస్తే అలాంటిది ఒక పూట కూడా ఆపదు. అందుకే చరిత్రకారుల్లో చాలామంది దీన్ని హోదా కోసం చేసిన పనిగానే చూస్తారు, నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. పెద్ద ప్రభువులకి కోటలు, కోట చుట్టూ నీళ్ళు. వాళ్ళని చూసి నైట్లు (వాళ్ళ కింది గుర్రపు యోధులు), నైట్లని చూసి వాళ్ళ కింద భూమి ఉన్నవాళ్ళు, వాళ్ళని చూసి అప్పుడే అడవి నరికి సొంత పొలం చేసుకున్న రైతులు. వార్విక్‌షైర్‌లో ఆర్డెన్ అనే ప్రాంతం ఉంది, అక్కడ ఇలా అడవి కొట్టుకుని ఊరికి దూరంగా విడిగా ఇళ్ళు వేసుకున్నచోట అగడ్తలు చాలా ఉన్నాయి. రాతి గోడకి డబ్బు కావాలి, గోడ మీద కోటలకుండే పళ్ళలాంటి బురుజులు పెట్టుకోవాలంటే రాజుగారి లైసెన్సు తీసుకోవడం ఆనవాయితీ. గుంత తవ్వుకోడానికి అదేం అక్కర్లేదు, కూలీలు ఉంటే చాలు.

ఆ వందేళ్ళలోనే ఎందుకు అంటే, అప్పుడు జనాభా బాగా పెరిగింది, ధాన్యానికి మంచి రేటు, భూమి ఉన్నవాడి చేతిలో డబ్బు, కూలి చవక. తర్వాత 1315 నుంచి 1317 దాకా ఎడతెగని వానలు, పంటలు కుళ్ళిపోయి కరువు. ఆ తర్వాత 1348లో ప్లేగు. మనుషులే కరువైపోయాక కూలి పెరిగింది, గుంతలు తవ్వించే ఊపూ తగ్గింది.

ఇక ఎక్కడ ఉన్నాయి అన్నది చూస్తే నేలే జవాబు చెప్తుంది. సఫోక్, ఎసెక్స్ రెండు కౌంటీల్లో వందల కొద్దీ ఉన్నాయి, దేశంలో ఎక్కువగా ఉన్నది అక్కడే. కారణం బంకమట్టి. మంచుయుగంలో హిమానీనదాలు తెచ్చి పరిచేసిన దట్టమైన బంకమట్టి, మధ్య మధ్యలో సుద్ద రాళ్ళు, చెకుముకి రాళ్ళు కలిసి ఉంటుంది, నీటిని కిందికి దాదాపు పోనివ్వదు. తవ్వి వదిలేస్తే వాన నీళ్ళే నిండి అలా ఉండిపోతాయి, అడుగున ఏమీ వేయక్కర్లేదు. అదే సుద్దనేల మీద తవ్వితే నీళ్ళు నిలవవు, అందుకే సుద్ద కొండల మీద ఇవి అరుదు. వాన తర్వాత సఫోక్ చేలల్లో ఒకసారి నడిచి చూడండి, ఒక్కో బూటుకి కిలో మట్టి అంటుకుంటుంది, ఏడు వందల ఏళ్ళ కిందటి కూలీల మీద గౌరవం దానంతట అదే వస్తుంది.

ఆ కూలీల గురించి ఒక రోజు కూర్చుని లెక్క వేశాను. ఇది నా లెక్క, ఏ పుస్తకంలోదీ కాదు. బయటి అంచు దగ్గర 60 మీటర్ల చతురస్రం అనుకుందాం, గుంత వెడల్పు పైన 10 మీటర్లు, అడుగున 4, లోతు 2. చుట్టూ మధ్య గీత వెంట కొలిస్తే 200 మీటర్లు. మొత్తం 2,800 ఘనపు మీటర్ల మట్టి. చెక్క పారకి అంచున ఇనప పట్టీ వేసినవి వాడేవాళ్ళు అప్పుడు, దాంతో ఈ జిగురు మట్టిని ఒక మనిషి రోజుకి రెండున్నర ఘనపు మీటర్లు తవ్వి తట్టలతో ఎత్తి పోశాడనుకుంటే (ఇది నిజానికి ఎక్కువే) పదకొండు వందల పైచిలుకు పనిరోజులు. ఇరవై మంది దిగినా దాదాపు రెండు నెలలు. అంతా అయ్యాక ఆ ఇంటాయన గుర్రం మీద వంతెన దాటి లోపలికెళ్తాడు, ఊరందరూ చూస్తారు. నీళ్ళలో ఇల్లు తలకిందులుగా కనిపిస్తూ ఉంటుంది, ఇల్లు ఒకటే అయినా రెండింతలు కనపడుతుంది.

తవ్విన మట్టి ఎక్కడికి పోయింది అంటే చాలాచోట్ల లోపలే పోశారు. అందుకే మధ్యలో మిగిలిన నేల చుట్టుపక్కల పొలం కన్నా కాస్త ఎత్తుగా ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని ఐలాండ్ అంటారు, నాకు మాత్రం గోదావరి లంకే నోటికొస్తుంది. లంక అనే అంటాను. అన్నట్టు మోట్ అనే మాటకే ఒక తమాషా ఉంది, అది పాత ఫ్రెంచ్‌లో మట్టి దిబ్బ అనే అర్థం ఉన్న "మోట్" నుంచి వచ్చింది. దిబ్బ పేరు చివరికి గుంతకి పోయింది. ఒకటి తవ్వితేనే రెండోది లేస్తుంది కాబట్టి మాట అటు నుంచి ఇటు జారిపోయింది, తట్టెడు మట్టి జారినట్టు.

ఈ తవ్వకం ఎలా జరిగిందో కళ్ళతో చూడాలనుంటే కేంబ్రిడ్జ్‌షైర్‌లో బర్‌వెల్ అనే ఊరికి వెళ్ళాలి. అది నేను చెప్తున్న ఇళ్ళ బాపతు కాదు, వందేళ్ళు ముందుది, నిజంగా యుద్ధం కోసం మొదలుపెట్టిన రాజుగారి కోట. స్టీఫెన్ రాజు కాలంలో జెఫ్రీ డి మాండవిల్ అనే ఎర్ల్ (పెద్ద ప్రభువు) తిరుగుబాటు చేసి చిత్తడి నేలల్లో దాక్కుని దోచుకుంటుంటే, ఆయన్ని కట్టడి చేయడానికి వరసగా కోటలు లేపుతున్నారు, అందులో ఇదొకటి. ఊళ్ళో కొన్ని ఇళ్ళు పీకేసి మరీ తవ్వడం మొదలుపెట్టారు. 1144లో జెఫ్రీ దాని మీదకి దాడికి వచ్చి బాణం దెబ్బ తిని ఆ గాయంతోనే చనిపోయాడు. శత్రువే పోయాక కోట ఎవరికి కావాలి, పని ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ గడ్డి మైదానం, చర్చి దగ్గర్లోనే. పెద్ద దీర్ఘచతురస్రపు గుంత, దాని బయట తవ్విపోసిన మట్టి కుప్పలు కుప్పలుగానే ఉన్నాయి, ఎవరూ చదును చేయలేదు. ఒక కుప్ప పక్కన నిలబడి చూస్తే అది నా భుజం దాకా వచ్చింది. కూలీ తట్ట బోర్లించి "రేపు చూద్దాంలే" అని ఇంటికెళ్ళిపోయినట్టు ఉంది, ఆ రేపు మళ్ళీ రాలేదు. మిగతాచోట్ల పూర్తయిన పని చూస్తాం, అక్కడ పని జరుగుతుండటం చూస్తాం.

మళ్ళీ మన ఇళ్ళ దగ్గరికి వద్దాం. నీళ్ళలో చేపలు పెంచేవాళ్ళు అంటారు కానీ చాలాచోట్ల మరుగుదొడ్డి గొట్టం కూడా ఆ నీళ్ళలోకే వదిలేవాళ్ళు, అందుకే స్థోమత ఉన్నవాళ్ళు చేపలకి పక్కనే విడిగా చిన్న చెరువులు తవ్వించి, పిల్లకాలువతో కలిపి, తూము పెట్టించేవాళ్ళు. శుక్రవారాలూ ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసాల్లోనూ మాంసం తినకూడదు, చేప తినొచ్చు, సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళో మంచినీటి చేప అంటే గొప్పింటి వంట. ఈ చెరువుల గుంతలు కూడా చాలాచోట్ల అగడ్త పక్కనే వరసగా కనిపిస్తాయి.

ఇంటివాళ్ళు విరిగిందీ చిరిగిందీ అంతా ఆ నీళ్ళలోనే పడేసేవాళ్ళు. అడుగున బురదలో గాలి ఆడదు కాబట్టి తోలు, చెక్క, గింజలు కుళ్ళకుండా ఉండిపోతాయి. పొడి నేలలో తవ్వితే కుండ పెంకులు, ఎముకలు, ఇనప మేకులు దొరుకుతాయి, అగడ్త బురదలో తవ్వితే చెప్పు దొరుకుతుంది, చెక్క గిన్నె దొరుకుతుంది, వంతెన కింద వేసిన ఓక్ దుంగలు దొరుకుతాయి. ఆ దుంగల వలయాలు లెక్కపెట్టి చెట్టు ఏ ఏడాది కొట్టారో కూడా చెప్పగలుగుతున్నారు. అందుకే శుభ్రం చేద్దామని మంచి ఉద్దేశంతో జేసీబీ పెట్టి బురద ఎత్తించేసినా అది పెద్ద నష్టమే, ఆ బురదే ఇంటి చరిత్ర మొత్తం.

ఇల్లు కూడా మిగిలినవి ఉన్నాయి, అవి చూడటం సులువు. కెంట్‌లో ఐథమ్ మోట్, వార్విక్‌షైర్‌లో బాడెస్లీ క్లింటన్, రెండూ పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థవి, గోడలు తిన్నగా నీళ్ళలోంచే లేస్తాయి. యార్క్‌షైర్‌లో మార్కెన్‌ఫీల్డ్ హాల్‌కి 1310లో ఇందాక చెప్పిన బురుజుల లైసెన్సు వచ్చింది. సోమర్సెట్‌లో వెల్స్ అనే ఊళ్ళో బిషప్ గారి ప్యాలెస్ చుట్టూ ఉన్న నీళ్ళలో హంసలు ఆకలేస్తే ముక్కుతో తాడు లాగి గంట కొడతాయి. బాగుంటాయి, కాదనను, పిల్లల్ని తీసుకెళ్ళండి. కానీ నా మనసు మాత్రం ఇల్లు లేనివాటి దగ్గరే ఉంది.

మొదట చెప్పిన సఫోక్ దానికి రెండోసారి మా అమ్మాయిని తీసుకెళ్ళాను, జనవరిలో. అప్పుడు ఆకులు ఉండవు, నెటిల్స్ (ముట్టుకుంటే దద్దుర్లు లేచే మొక్కలు) చచ్చిపోయి ఉంటాయి, మధ్యాహ్నం మూడింటికే ఎండ ఏటవాలుగా పడి నేల మీద చిన్న చిన్న ఎత్తుపల్లాలకి కూడా నీడలు వస్తాయి. ఆ పొలం రైతు ట్రాక్టర్ ఆపి ఏం వెతుకుతున్నారని అడిగారు, పెద్దాయన. సంగతి చెప్తే మొహం వెలిగిపోయింది, గట్టు మీద నడిచి చూడండి అని తనే వెంట వచ్చారు. నాలుగో వైపు లేదేంటని అడిగాను. "మా నాన్న పూడ్పించారండి, అప్పట్లో పొలం కలుపుకోవాలని అందరూ అలాగే చేసేవాళ్ళు. కానీ అది ఒప్పుకోలేదు. రండి చూపిస్తా" అని చేలోకి తీసుకెళ్ళారు. ఆయన వేలు పెట్టి చూపించే దాకా నాకేం తెలీలేదు, తర్వాత ఇక కళ్ళు మళ్ళించుకోలేకపోయాను, మొలకలు మిగతా చేను కన్నా కాస్త పొట్టిగా, పసుపు తిరిగి, పది మీటర్ల వెడల్పున తిన్నటి పట్టీలా ఉన్నాయి, కింద తడి ఎక్కువై. "ఇక్కడ ట్రాక్టర్ ఇప్పటికీ దిగబడుతుంది. అదే ఎండాకాలం వానలు లేకపోతే చేనంతా ఎండినా ఈ పట్టీ మాత్రం పచ్చగా ఉంటుంది" అన్నారు. 2018లో, 2022లో ఎండలు మండినప్పుడు దేశమంతా ఇలాంటి మరుగున పడ్డ గుంతల గీతలు పైనుంచి స్పష్టంగా కనపడ్డాయి, దాని వెనకున్న సంగతి ఇదే.

మూలలో ఒక నారాయణ పక్షి కదలకుండా నిలబడి ఉంది. మా అమ్మాయి "నాన్నా, ఇక్కడ మొసళ్ళు ఉండేవా?" అని అడిగింది, లేవమ్మా, పైక్ చేపలు ఉండి ఉంటాయి, వాటికీ పళ్ళు బాగానే ఉంటాయి అన్నాను. లంక మీద ఏమీ లేదు, గడ్డి, రెండు ఓక్ చెట్లు, ఒక చోట నేల కాస్త మెట్టలా ఉంది.

అన్ని నీళ్ళ గుంతలూ ఇవే అనుకోకూడదు, నేను ఒకసారి పొరబడ్డాను. ఇంకో ఊళ్ళో చక్కటి దీర్ఘచతురస్రం కనిపిస్తే అరగంట ఫొటోలు తీశాను, తర్వాత పాత మ్యాప్ చూస్తే అది ఇటుకల కోసం మట్టి తవ్విన గుంత. తేడా ఎక్కడంటే మధ్యలో లంక ఉండాలి, లేదా ఉన్నట్టు ఆనవాలైనా ఉండాలి. చుట్టుపక్కల సంగతులు కూడా సాయం చేస్తాయి, పొలం పేరు మోట్ ఫామ్ అనో హాల్ ఫామ్ అనో ఉంటుంది, ఊరి చర్చి పక్కనే ఉంటుంది (భూస్వామి ఇల్లూ చర్చీ పక్కపక్కన ఉండటం మామూలే), లేదా ఫుట్‌పాత్ కారణం లేకుండా ఒకచోట వంపు తిరుగుతుంది. ఇంట్లో కూర్చుని వెతకాలంటే లైడార్ ఉంది, విమానం నుంచి లేజర్ వేసి నేల ఎత్తులు కొలిచేది, ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వాళ్ళు 2015 నుంచి ఆ డేటా అందరికీ ఉచితంగా ఇస్తున్నారు. చెట్లు తీసేసినట్టు ఒట్టి నేల కనిపిస్తుంది. రాత్రి పదకొండు తర్వాత అది తెరిచానంటే ఇక ఆ రాత్రికి నిద్ర లేనట్టే.

వీటిలో కొన్ని షెడ్యూల్డ్ మాన్యుమెంట్లు, అంటే ప్రభుత్వం రక్షిత జాబితాలో పెట్టినవి, వాటికి 1979 చట్టం కింద రక్షణ ఉంది, అక్కడ అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ పట్టుకు తిరగడం కూడా నేరం. అన్నిటికీ ఆ రక్షణ లేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెద్ద యంత్రాలు వచ్చాక చాలా వాటిని పూడ్చి దున్నేశారు. ఆ రోజుల్లో తిండిగింజలు ముఖ్యం, రైతుని తప్పుపట్టలేం, కానీ ఏడు వందల ఏళ్ళు నిలిచింది ఒక్క వారంలో పోయిందంటే బాధేస్తుంది, దాయడం దేనికి.

పోయిన నెల అలాంటిదే ఒకటి చూడ్డానికి వెళ్ళాం. ఇప్పటి మ్యాప్‌లో లేదు, లైడార్‌లో మాత్రం పల్చగా, అరిగిపోయిన నాణెం మీద బొమ్మలా ఒక చతురస్రం. ఫుట్‌పాత్ సరిగ్గా దాని మీదుగా పోతుంది. అప్పుడే దున్నిన చేను, ఎటు చూసినా ఒకటే మట్టి. ఫోన్‌లో బొమ్మ చూసుకుంటూ నడిచాను, ఒకచోట కాలి కింద నేల కొంచెం, జానెడు కూడా కాదు, దిగింది. మట్టి రంగు ముదురైంది. పది పన్నెండు అడుగులు వేశాక మళ్ళీ ఎక్కింది. వెనక్కి తిరిగి మా అమ్మాయిని పిలిచి ఏం చెప్పకుండా నడిచి రమ్మన్నాను. తను సగం దూరం వచ్చి ఆగి కాళ్ళ కింద చూసుకుంది. "నాన్నా, ఇప్పుడు నేను నీళ్ళలో ఉన్నానా?"